పాటలు పోవు, పెట్టిన శ్రమ పోతుంది: ఇంటి సర్వర్ మీద పాఠకుల ప్రశ్నలు

ఇంట్లోని పాత కంప్యూటర్‌నో, అరచేతిలో ఇమిడే 'రాస్ప్‌బెర్రీ పై' అనే చిన్న కంప్యూటర్‌నో సర్వర్‌గా పెట్టుకుని, వేలకొద్దీ పాటలను అన్ని గదుల్లోనూ వింటున్న పాఠకులు మనకు ఇంతమంది ఉన్నారని ఈ నెల ఉత్తరాలు చూసేదాకా తెలియలేదు. నల్లగొండ నుంచి గద్వాల దాకా వచ్చిన ప్రశ్నలన్నీ సర్వర్ సాఫ్ట్‌వేర్‌ను కొత్త వెర్షన్‌కు మార్చుకోవడం గురించే కనుక ఈసారి వాటినే తీసుకున్నాం. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు ఇచ్చాం. అందులోని ఇబ్బంది మిగతావారికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేదే.

ప్రశ్న: నేను నల్లగొండలో స్థిరపడిన విశ్రాంత అధ్యాపకుణ్ని. నా దగ్గర దాదాపు 62 వేల పాటలు ఉన్నాయి. సినిమా పాటలు, శాస్త్రీయ సంగీతం పోను, మా నాన్నగారు దేవరకొండ, కొండమల్లేపల్లి, చందంపేట ప్రాంతాల్లో టేపురికార్డర్ పట్టుకుని తిరిగి పట్టిన ఒగ్గుకథలు, బతుకమ్మ పాటలు సుమారు 400 ఉన్నాయి. విండోస్ 10 కంప్యూటర్‌లో లాజిటెక్ మీడియా సర్వర్ అనే పాటల సర్వర్ సాఫ్ట్‌వేర్ 7.9 వెర్షన్ నడుస్తోంది. మా అబ్బాయి అమెరికా నుంచి 2010లో తెచ్చిన స్క్వీజ్‌బాక్స్ రేడియోలో, అంటే ఆ సర్వర్ పాటలను వైఫై మీద వినిపించే పరికరంలో వింటాను. దాంట్లో కొంతకాలంగా ఇంటర్నెట్ స్టేషన్లు సరిగా రావడం లేదు. కొత్త వెర్షన్ వేసుకుని, పనిలోపనిగా లినక్స్ ఉన్న చిన్న కంప్యూటర్‌కు మారాలని ఉంది. ఇక్కడి కంప్యూటర్ దుకాణంలో అడిగితే 'పాతది పూర్తిగా తీసేసి కొత్తది వేద్దాం సార్, పాటలకేం కాదు' అన్నారు. పదమూడేళ్ళుగా ఒక్కో పాటకు రేటింగ్ ఇచ్చుకుంటూ వచ్చాను. అది కూడా ఉంటుందా?

జవాబు: దుకాణంలో చెప్పింది సగం నిజం. పాటలకు నిజంగానే ఏమీ కాదు, ఎందుకంటే సర్వర్ వాటిని తనలో దాచుకోదు, ఉన్నచోటే చదివి వినిపిస్తుంది. ఏ పాటను ఎన్నిసార్లు విన్నారు, దేనికి ఎంత రేటింగ్ ఇచ్చారు, ఏది ఎప్పుడు సేకరణలో చేరింది అన్న వివరాలు మాత్రం పాట ఫైలులో కాక సర్వర్ డేటాబేస్‌లో ఉంటాయి. 'పూర్తిగా తీసేయడం' అంటే వాటిని తుడిచేయడమే కనుక ఆ సలహాను పాటించకండి.

మీ సాఫ్ట్‌వేర్ ఇన్నాళ్ళలో చాలా పేర్లు మార్చుకుంది. స్లిమ్ డివైసెస్ అనే చిన్న సంస్థ చేతిలో ఉన్న తొలిరోజుల్లో అది స్లిమ్‌సర్వర్. 2006లో ఆ సంస్థను లాజిటెక్ కొన్నది, 2012లో స్క్వీజ్‌బాక్స్ పరికరాల తయారీని ఆపేసింది. సర్వర్ ప్రోగ్రాము ఓపెన్ సోర్స్, అంటే ఎవరైనా తీసుకుని మార్చుకోగలది కావడం వల్ల ఔత్సాహికులు దాన్ని బతికించుకుంటూ వచ్చారు. 2024 మొదట్లో లాజిటెక్ తన మైస్క్వీజ్‌బాక్స్ వెబ్‌సైటును మూసేసింది. మీ రేడియోలో స్టేషన్లు రాకపోవడానికి చాలావరకు కారణం అదే. పాత వెర్షన్లు ఇంటర్నెట్ రేడియో కోసం ఆ సైటు మీద ఆధారపడేవి, కొత్త వెర్షన్లు ఆ పనిని ఇంట్లోని సర్వర్‌తోనే చేయించుకుంటాయి. అదే ఏడాది సాఫ్ట్‌వేర్ పేరు కూడా లిరియన్ మ్యూజిక్ సర్వర్‌గా మారింది. మీ రేడియోను పారేయనక్కర లేదు. అది లిరియన్‌తో పనిచేస్తుంది.

ఇక పని దగ్గరికి వద్దాం. సర్వర్ సెట్టింగ్స్‌లో ఇన్ఫర్మేషన్ పేజీ తెరిస్తే ప్రిఫరెన్సెస్ ఫోల్డర్, కాష్ ఫోల్డర్ డిస్క్‌లో ఎక్కడున్నాయో కనిపిస్తుంది. విండోస్‌లో అవి సాధారణంగా ప్రోగ్రామ్‌డేటాలోని స్క్వీజ్‌బాక్స్ ఫోల్డర్ కింద ఉంటాయి. కాష్‌లో లైబ్రరీ.డీబీ, పర్సిస్ట్.డీబీ అని రెండు ఫైళ్ళు చూస్తారు. మొదటిది పాటల జాబితా. అది పాడైనా ఒక రాత్రి స్కాన్‌కు, అంటే సర్వర్ పాటల ఫోల్డర్లన్నీ చదువుకోవడానికి వదిలేస్తే మళ్ళీ తయారవుతుంది. రెండోదాంట్లో మీ రేటింగులు, విన్న లెక్కలు, చేర్చిన తేదీలు ఉంటాయి. అది పోతే ఎన్ని స్కాన్లు చేసినా తిరిగి రాదు. సర్వర్‌ను ముందు ఆపి, ఆ తర్వాత ఈ రెండు ఫోల్డర్లనూ, ప్లేలిస్టుల ఫోల్డర్‌నూ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. సర్వర్ నడుస్తుండగా తీసిన డేటాబేస్ కాపీ అరకొరగా ఉండవచ్చు, దాన్ని నమ్మలేం.

వెర్షన్ మార్పు, కంప్యూటర్ మార్పు ఒకే రోజు పెట్టుకోవద్దని నా గట్టి సలహా. పర్సిస్ట్.డీబీ ఒక్కో పాటను దాని పేరుతో కాక, ఆ ఫైలు ఉన్న పూర్తి చిరునామా నుంచి లెక్కకట్టిన ఎండీ5 అనే వేలిముద్ర లాంటి సంఖ్యతో గుర్తుపెట్టుకుంటుంది. డి డ్రైవ్ కాస్తా ఇ డ్రైవ్ అయినా ఆ సంఖ్య మారిపోతుంది. సర్వర్ దృష్టిలో 62 వేల పాత పాటలు మాయమై, 62 వేల కొత్త పాటలు వచ్చి చేరినట్టు అవుతుంది. విండోస్ నుంచి లినక్స్‌కు వెళ్తే డ్రైవ్ అక్షరమే ఉండదు, చిరునామా మొత్తం మారుతుంది. ట్యాగ్‌లో, అంటే పాట ఫైలులోనే ఉండే వివరాల గడుల్లో, మ్యూజిక్‌బ్రెయిన్జ్ అనే ఇంటర్నెట్ పాటల జాబితా ఇచ్చిన సంఖ్య ఉన్న పాటలను మాత్రం సర్వర్ ఆ సంఖ్యను బట్టి కూడా పోల్చుకోగలదు. పికార్డ్ అనే ఉచిత ప్రోగ్రాముతో పేరున్న సినిమా పాటల్లో చాలావాటికి ఆ సంఖ్యలు చేర్చవచ్చు. మీ నాన్నగారు చందంపేటలో పట్టిన ఒగ్గుకథకు ప్రపంచంలో ఏ జాబితాలోనూ సంఖ్య ఉండదు కదా.

అందువల్ల మొదట పాత కంప్యూటర్‌లోనే, పాటల ఫోల్డర్‌ను కదపకుండా, ఉన్నదాని మీదే లిరియన్‌ను వేయండి. అంతకుముందు బయటివారు రాసిన ప్లగిన్లన్నిటినీ (సర్వర్‌కు అదనపు పనులు నేర్పే చిన్న ప్రోగ్రాములను) తీసేసి, తర్వాత అవసరమైన వాటిని ఒక్కొక్కటిగా చేర్చుకోండి. ఇబ్బంది వస్తే ఏ ప్లగిన్ వల్ల వచ్చిందో అలా తెలుస్తుంది. వెర్షన్ మారాక 'క్లియర్ లైబ్రరీ అండ్ రీస్కాన్ ఎవ్రీథింగ్' అన్న స్కాన్ ఒకసారి అవసరమవుతుంది. క్లియర్ అన్న మాట చూసి కంగారు పడకండి, అది ఖాళీ చేసేది లైబ్రరీ.డీబీని మాత్రమే. రోజువారీ వాడకానికి 'లుక్ ఫర్ న్యూ అండ్ చేంజ్‌డ్ మీడియా ఫైల్స్' చాలు. ఇంత సేకరణకు మొదటి స్కాన్ గంటలు పట్టవచ్చు. ట్యాగ్‌లు చదవడం తొందరగానే అవుతుంది కానీ, ముఖచిత్రాలను చిన్న సైజుల్లోకి మార్చే దగ్గర బాగా ఆలస్యమవుతుంది. కొన్ని ఆల్బమ్‌లలో 3000 పిక్సెళ్ళ చిత్రాన్ని ప్రతి పాటలోనూ దూర్చి ఉంటారు.

ఆ స్కాన్‌ను యూపీఎస్ లేకుండా మొదలుపెట్టవద్దు. ఇది నా సొంత అనుభవం. ఒక ఏప్రిల్ సాయంత్రం స్కాన్ సగంలో ఉండగా గాలిదుమారం లేచి కరెంటు పోయింది. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా ఆ గదికి దాని లైను లేదు. మళ్ళీ ఆన్ చేస్తే 'డేటాబేస్ డిస్క్ ఇమేజ్ ఈజ్ మాల్‌ఫార్మ్‌డ్' అన్న ఒక్క వాక్యం తప్ప సర్వర్ ఇంకేమీ చూపలేదు. పర్సిస్ట్ ఫైలు కాపీ నా దగ్గర ఉంది కానీ, అది రెండేళ్ళ కిందటిది.

కొత్త వెర్షన్‌లో నెలరోజులు అంతా సజావుగా సాగాక లినక్స్ పెట్టెకు వెళ్ళండి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది కనుక ఎప్పటికైనా మారక తప్పదు. మారేముందు ఎక్కువ రేటింగ్ ఇచ్చిన పాటలను అయిదు చుక్కలవి, నాలుగు చుక్కలవి అంటూ విడివిడి ప్లేలిస్టులుగా భద్రపరచండి. ఎం3యూ ప్లేలిస్టు అంటే నోట్‌ప్యాడ్‌లో తెరుచుకునే మామూలు పాఠ్యమే, వరుసకో పాట చిరునామా ఉంటుంది. పాత దారి స్థానంలో కొత్త దారి పెట్టి, వెనక్కి వాలిన గీతలను (\) ముందుకు వాలిన గీతలుగా (/) మారిస్తే సరిపోతుంది. విన్న లెక్కలు పోవచ్చు కానీ, మీ ఎంపిక నిలుస్తుంది. కొత్త పెట్టెకు పాటల డిస్క్‌ను తగిలించినప్పుడు, మొదటి కొన్ని వారాలు సర్వర్‌కు దాన్ని చదవడానికి మాత్రమే అనుమతి ఇవ్వండి.

మీ 400 జానపద రికార్డింగులకు మాత్రం ఏ డేటాబేస్‌నూ నమ్ముకోకండి. ఏ ఊరు, ఏ సందర్భం, పాడింది ఎవరు, ఏ సంవత్సరం అన్నవి ఫైలు ట్యాగ్‌లోనే కామెంట్ గడిలో రాయండి. ఎంపీ3 అయితే ట్యాగ్ ఐడీ3 (ఎంపీ3 ట్యాగ్‌ల పద్ధతి) రెండో తరానిది కావాలి. మొదటి తరం ట్యాగ్‌లో పాట పేరుకు 30 బైట్లే చోటు. అక్షరాలను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగులో ఒక్కో గుర్తుకు 3 బైట్లు పడతాయి. 'నల్లగొండ' అన్న మాటలో పొల్లు, ఒత్వం, సున్నాలతో కలిపి 8 గుర్తులున్నాయి, అంటే 24 బైట్లు. ఆ పక్కన ఖాళీ వదిలి 'బతుకమ్మ' అని రాయబోతే 'బ' దగ్గరే చోటు అయిపోయి, మిగిలిన రెండు బైట్లలో సగం అక్షరం ఇరుక్కుని ప్రశ్నార్థకంలా కనిపిస్తుంది. పాత ఎంపీ3లలో తెలుగు పేర్లు తెగిపోయి కనిపించడానికి ఇది ఒక కారణం.

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్. రాస్ప్‌బెర్రీ పై 4 మీద నావిడ్రోమ్ అనే పాటల సర్వర్ నడుపుతున్నాను. 0.55కు ముందున్న వెర్షన్ నుంచి కొత్తదానికి మారాక, ఒకే సినిమా పాటలు మూడు నాలుగు ఆల్బమ్‌లుగా చీలిపోయాయి. ఇంకో విచిత్రం, కె.వి. మహదేవన్ పేరు జాబితాలో రెండుసార్లు వస్తోంది. అక్షరం అక్షరం పోల్చి చూసినా తేడా కనబడదు. పాత వెర్షన్‌కు వెళ్ళిపోనా?

జవాబు: వెళ్ళాలనుకున్నా నేరుగా కుదరదు. కొత్త వెర్షన్ మొదటిసారి తెరుచుకున్నప్పుడే మీ నావిడ్రోమ్.డీబీ నిర్మాణాన్ని మార్చేసింది, దాన్ని పాత వెర్షన్‌కు అప్పగించకూడదు. మార్పుకు ముందు తీసిన కాపీ ఉంటేనే వెనక్కి వెళ్ళగలరు. మీ విషయంలో ఆ అవసరం కూడా లేదనే నా ఉద్దేశం.

2025లో వచ్చిన 0.55లో స్కాన్ పద్ధతిని మొత్తంగా తిరగరాశారు. అందులో ప్రతి పాటకూ, ప్రతి ఆల్బమ్‌కూ ట్యాగ్‌ల నుంచి ఒక శాశ్వత గుర్తింపు తయారవుతుంది. ఫైలును ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌కు జరిపినా విన్న లెక్కలు దానితోపాటే వస్తాయి. డిస్క్ తగిలించడం మరిచి స్కాన్ చేసినా పాటలను తుడిచేయకుండా, కనబడనివిగా విడిగా చూపిస్తుంది. పై ప్రశ్న అడిగిన అధ్యాపకుల కష్టం ఇక్కడ చాలావరకు తీరినట్టే. ఆ గుర్తింపు కోసం ఆల్బమ్ ఆర్టిస్ట్, ఆల్బమ్ పేరు, విడుదల తేదీ వంటి వాటిని కలిపి చూస్తుంది కనుక, ఒకే సినిమాలోని అయిదు పాటల్లో మూడింటికి విడుదల తేదీ ఉండి రెండింటికి లేకపోతే, అవి రెండు ఆల్బమ్‌లవుతాయి. ట్యాగ్‌లలో ఎప్పటినుంచో ఉన్న అస్తవ్యస్తాన్ని పాత వెర్షన్ చూసీచూడనట్టు వదిలేసింది, కొత్తది వదలలేదు.

మన సినిమా పాటల సంగతి ఇంకొంచెం తిరకాసు. ఇంగ్లీషు ఆల్బమ్‌కు సాధారణంగా గాయకుడు ఒకరే. మన సినిమాలో ఒక పాట ఘంటసాలది, ఇంకోటి సుశీలది, మూడోది ఇద్దరిదీ. ఆల్బమ్ ఆర్టిస్ట్ గడి ఖాళీగా ఉంటే చాలా సర్వర్లు గాయకుడి పేరునే అక్కడ వాడుకుని సినిమాను ముక్కలు చేస్తాయి. ఆ గడిలో సంగీత దర్శకుడి పేరు పెట్టడం అన్నిటికన్నా మంచి పద్ధతి. గాయకులను ఆర్టిస్ట్ గడిలోనూ, గీత రచయితను లిరిసిస్ట్ గడిలోనూ రాయండి. సినిమా పేరునే ఆల్బమ్ ఆర్టిస్ట్‌గా పెట్టేవారున్నారు, అలా చేస్తే సంగీత దర్శకుణ్ని బట్టి ఆల్బమ్‌లు వెతుక్కునే వీలు పోతుంది. కిడ్3 గానీ, ఎంపీ3ట్యాగ్ గానీ వాడితే ఒక సినిమా పాటలన్నిటినీ ఎంచుకుని ఒకేసారి సరిచేయవచ్చు.

ఇద్దరు మహదేవన్‌ల గుట్టు కీబోర్డులో ఉంది. తెలుగు కీబోర్డుల్లో కొన్ని పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తును చేరుస్తాయి. యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి, పని పక్క హల్లుతో ఒత్తు కలవకుండా ఆపడం. 'సాఫ్ట్‌వేర్' అన్న మాట మధ్యలో అది కావాలి, పేరు చివర అది ఉన్నా లేకున్నా మన కంటికి ఒకటే. సర్వర్‌కు మాత్రం 'న్' తో ముగిసే పేరు ఒకటి, ఆ పైన అదృశ్య గుర్తు ఉన్న పేరు ఇంకొకటి. ట్యాగ్ ఎడిటర్‌లో పేరు చివర కర్సర్ పెట్టి ఒకసారి బ్యాక్‌స్పేస్ నొక్కండి. ఏమీ చెరిగినట్టు అనిపించకపోతే ఆ గుర్తు అక్కడ ఉన్నట్టే. రెండోసారి నొక్కితే పొల్లు ఊడి 'మహదేవన' అని మిగులుతుంది. మొదటి నొక్కుకే పొల్లు ఊడితే ఆ పేరు శుభ్రంగా ఉన్నట్టు.

ఒక విషయం మీరు అడగలేదు, అయినా చెబుతున్నాను. డేటాబేస్ మెమరీ కార్డు మీద ఉంటే దాన్ని చిన్న ఎస్‌ఎస్‌డీకి మార్చండి. రాతలు ఎక్కువయ్యేకొద్దీ కార్డు అరుగుతుంది, కరెంటు కోతలు ఆ పనిని తొందర చేస్తాయి. కాపీ తీసేటప్పుడు సర్వీసును ఆపండి. నడుస్తుండగా తీస్తే, డీబీ ఫైలు పక్కనే 'వాల్' అనే తోకతో ఉండే ఫైలులోని తాజా మార్పులు ఆ కాపీలోకి రాకపోవచ్చు.

ప్రశ్న: వనపర్తిలో సినిమాలు, పాటలు రెండూ వినిపించే జెల్లీఫిన్ సర్వర్ 10.10 వాడుతున్నాం. సినిమాలు తక్కువ, పాటలు 30 వేలకు పైనే. 10.11కు మారమంటారా, ఆగమంటారా?

జవాబు: మారవచ్చు, కానీ తీరిక ఉన్న రోజున. 2025 అక్టోబర్‌లో వచ్చిన 10.11లో డేటాబేస్‌ను కొత్త పద్ధతిలోకి మార్చారు. మొదటిసారి తెరుచుకునేటప్పుడు పాత లైబ్రరీ వివరాలన్నీ కొత్త నిర్మాణంలోకి సర్దుకుంటాయి. సేకరణ పెద్దదైతే ఆ సర్దుబాటు చాలాసేపు నడుస్తుంది, ఆ సమయంలో వెబ్ పేజీ తెరుచుకోలేదని సర్వర్‌ను బలవంతంగా ఆపవద్దు. ముందు 10.10.7కు వచ్చి, డేటా, కాన్ఫిగ్ ఫోల్డర్లను కాపీ చేసుకుని, ఆ తర్వాతే కదలండి. వెనక్కి రావాలంటే ఆ కాపీయే దిక్కు. ఇంట్లో వినేది ప్రధానంగా పాటలే అయితే జెల్లీఫిన్‌ను సినిమాలకు వదిలి, పాటలకు నావిడ్రోమ్‌నో లిరియన్‌నో పక్కన పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం. నావిడ్రోమ్ పోర్టు (బ్రౌజర్‌లో చిరునామా చివర ఇచ్చే సంఖ్య) 4533, లిరియన్‌ది 9000, జెల్లీఫిన్‌ది 8096. మూడూ ఒకే పెట్టెలో ఒకదానికొకటి అడ్డు రాకుండా నడుస్తాయి.

ప్రశ్న: గద్వాల నుంచి రాస్తున్నాను. ఎలాగూ సర్వర్ మారుస్తున్నాను కాబట్టి నా 128 కేబీపీఎస్ ఎంపీ3లన్నిటినీ ఫ్లాక్‌లోకి (శబ్దంలో ఏమీ వదలకుండా కుదించే ఫైలు రూపంలోకి) మార్చేస్తే శబ్దం మెరుగవుతుందా? ఇంట్లో పాత జాతర పాటల క్యాసెట్లు కూడా ఉన్నాయి. వాటిని ఏ రూపంలో ఎక్కించాలి?

జవాబు: మెరుగవదు. సీడీలో శబ్దం సెకనుకు 1411 కిలోబిట్ల చొప్పున ఉంటుంది. 128కి కుదించినప్పుడు అందులో పదకొండో వంతే మిగిలింది. వదిలేసినదాన్ని ఫ్లాక్ పుట్టించలేదు, ఫైలు సైజు మాత్రం పెరుగుతుంది. ఆ ఎంపీ3లను అలాగే ఉంచి, మంచి సీడీ దొరికినప్పుడు ఒక్కొక్కటిగా మార్చుకోండి.

క్యాసెట్ల సంగతి వేరు, అక్కడ మీ చేతిలో ఉన్నదే మూలం. శబ్ద భాండాగారాల అంతర్జాతీయ సంఘం సిఫారసు ప్రకారం 24 బిట్లు, 96 కిలోహెర్ట్‌జ్ దగ్గర ఎక్కించుకోవడం మంచిది. 48కి మాత్రం తగ్గకండి. 96 దగ్గర 60 నిమిషాల క్యాసెట్‌కు ముడి ఫైలు సుమారు 2 గిగాబైట్లు అవుతుంది, ఫ్లాక్‌లోకి మారిస్తే శబ్దంలో ఏమీ పోకుండా సైజు తగ్గుతుంది. ఎక్కించేముందు ప్లేయర్ హెడ్‌ను ఐసోప్రోపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఏళ్ళ తరబడి కదలని టేపును ఒకసారి చివరిదాకా ముందుకు, మళ్ళీ మొదటిదాకా వెనక్కి తిప్పండి. చుట్టలు అతుక్కుపోయి ఉంటే టేపు అక్కడే సాగి, పాడేవారి గొంతు వంకరపోతుంది. సరిగ్గా వచ్చిన మొదటి ఎక్కింపును ముట్టుకోకుండా వేరే డిస్క్‌లో పెట్టేయండి. టేపు బుస చప్పుడు తీసేసి, పాటలుగా ముక్కలు కోసిన రెండో కాపీనే సర్వర్ ఫోల్డర్‌లోకి పంపండి.